ఇంజినీర్ కాబోయి పసివాళ్ల డాక్టరమ్మగా...

ఇంటర్వ్యూకని మాదాపూర్, కొండాపూర్, గచ్చిబౌలి వీధుల్లో తిరిగేటప్పుడు మాంటిస్సోరి అన్న బోర్డు చూసే ఉంటారు. అది స్కూలు బ్రాండ్ కాదు, ఒక మనిషి పేరు. గూగుల్ పెట్టిన లారీ పేజ్, సెర్గీ బ్రిన్ చిన్నప్పుడు చదివింది ఆమె పద్ధతి బళ్లలోనే.

మరియా మాంటిస్సోరి 1870 ఆగస్టు 31న ఇటలీలోని కియారవల్లెలో పుట్టారు. ఇంజినీర్ కావాలని టెక్నికల్ స్కూల్లో చేరి, తర్వాత మెడిసిన్‌కి మారారు. మగపిల్లల పక్కన నిలబడి శవాన్ని కోయడం తగదంటూ, క్లాసయ్యాక ఒంటరిగా ఆమెతో ఆ పని చేయించారు. 1896లో రోమ్‌లో పట్టా అందుకున్నారు.

1898లో కొడుకు మారియో పుట్టాడు. పెళ్లి కాలేదు. నలుగురికీ తెలిస్తే ఉద్యోగం, పరువు రెండూ పోయే రోజులు. బిడ్డను పల్లెలో ఒక కుటుంబానికి అప్పగించారు. పిల్లలు ఎలా ఎదుగుతారో లోకానికి చెప్పిన మనిషి, సొంత బిడ్డను చుట్టపుచూపుగా వెళ్లి చూసి రావాల్సి వచ్చింది. అతను తల్లి దగ్గరికి చేరేసరికి పదిహేనేళ్లు.

1907 జనవరి 6న రోమ్‌లోని శాన్ లోరెంజో అనే పేదల వాడలో తొలి బాలల ఇల్లు తెరిచారు. అక్కడ తల్లిదండ్రులిద్దరూ పనికెళ్లేవాళ్లే. ఆమె పాఠం చెప్పడం తగ్గించి, చూడటం మొదలెట్టారు. కంచె పట్టుకుని పక్కకి జరుగుతూ ఆడే పిల్లల్ని చూసి, మొండెం బరువుకి చిన్న కాళ్లు అలసిపోతాయని గ్రహించారు. అలాంటి కంచెనే వ్యాయామ సాధనంగా మార్చారు.

1939లో మద్రాసు అడయార్‌కి శిక్షణ ఇవ్వడానికి వచ్చారు. మరుసటేడు ఇటలీ యుద్ధంలోకి దిగడంతో బ్రిటిష్ వాళ్లు మారియోను నిర్బంధించి, ఆమె 70వ పుట్టినరోజుకి వదిలారు. యుద్ధం ముగిసేదాకా ఇద్దరూ ఇక్కడే. తల్లి ఎక్కడికెళ్తే అక్కడికి బిడ్డనూ మోసుకెళ్లే అలవాటు ఆమెకు నచ్చింది. చంకలో ఉన్న బిడ్డ లోకాన్ని చూస్తాడు కదా!

పెంపకం నడకనూ మారుస్తుందని తర్వాతి పరిశోధనలు చూపించాయి. కెన్యాలో కిప్సిగిస్ తల్లులు పనిగట్టుకుని కూర్చోబెట్టి, నడిపించి నేర్పుతారు. ఆ రెండూ పిల్లలకు త్వరగా వచ్చాయి, నేర్పని పాకడం మాత్రం ముందుకు జరగలేదు. మన అమ్మమ్మలు కాళ్లు చాపి, పసివాణ్ని వాటిమీద వేసుకుని నూనె రుద్దడం, బోర్లాపడితే బొబ్బట్లు, అడుగులేస్తే అరిసెలు పంచడం కూడా ఈ కోవలోవే. అయితే తొందరేం లేదు. భారత్ సహా అయిదు దేశాల పిల్లలపై ప్రపంచ ఆరోగ్య సంస్థ 2006లో ఇచ్చిన లెక్క ప్రకారం, సొంతంగా నడవడం 8.2 నుంచి 17.6 నెలల మధ్య ఎప్పుడైనా రావచ్చు. నూటికి నలుగురు మోకాళ్లమీద పాకనే పాకరు. ఫ్లాట్లలో కనిపించే చక్రాల వాకర్‌ను కెనడా 2004లోనే నిషేధించింది.

ఇందులో ఉద్యోగం ఎక్కడుందంటారా? 50 మంది, ఆపైన పనిచేసే సంస్థలో క్రెష్ ఉండాలని 2017లో సవరించిన ప్రసూతి చట్టం చెప్పింది. ఐటీ కారిడార్‌లో అలాంటి కంపెనీలు ఎన్నో మీకే తెలుసు. పసివాళ్ల ఎదుగుదల తెలిసిన టీచర్లు, ఫిజియోథెరపిస్టులు అక్కడ కావాలి. సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లోని ఎన్‌ఐఈపీఐడీలో స్పెషల్ ఎడ్యుకేషన్ కోర్సులున్నాయి, నోటిఫికేషన్ చూస్తూ ఉండండి.

మరియా 1952 మే 6న నెదర్లాండ్స్‌లో కన్నుమూశారు. ఆమె పెట్టిన అంతర్జాతీయ సంఘాన్ని ఆ తర్వాత మూడు దశాబ్దాలు నడిపింది పల్లెలో వదిలొచ్చిన ఆ మారియోనే.