ఎల్లాప్రగడ సుబ్బారావు

మీరు ఖరగ్‌పూర్ రైల్వే కాలనీలో ఉండి ఈ పాఠం చదువుతున్నారనుకోండి. బెంగాల్ నాగపూర్ రైల్వే రోజుల్లో ఎన్నో తెలుగు కుటుంబాలు వర్క్‌షాపు పనికోసం అక్కడికి చేరాయి. ఇంట్లో తెలుగు, బజారులో హిందీ, బెంగాలీ మాట్లాడేవారికి ఒక సంగతి తెలుసు. కొత్తచోట కొన్ని నియమాలు గోడమీద రాసి ఉంటాయి. కొన్ని ఎక్కడా రాసి ఉండవు, తప్పిన తరువాతే తెలుస్తాయి. పెద్ద చదువుల్లోనూ అంతే. వాటివల్ల రెండు దేశాల్లో నష్టపోయిన ఒక వైద్య విద్యార్థి కథ ఇది.

ఎల్లాప్రగడ సుబ్బారావు 1895 జనవరి 12న భీమవరంలో జన్మించారు. మెట్రిక్యులేషన్ రెండుసార్లు తప్పి, మూడోసారి గట్టెక్కారు. (మీలో పరీక్ష మళ్ళీ రాస్తున్నవారు ఉంటే ఈ మాట గమనించండి.) తరువాత మామగారి సాయంతో మద్రాసు వైద్య కళాశాలలో చదివారు.

అవి సహాయ నిరాకరణోద్యమం రోజులు. సుబ్బారావు ఖద్దరు కట్టుకొని శస్త్రచికిత్స తరగతికి వెళ్ళారు. ఖద్దరు కట్టరాదని ఏ పాఠ్యప్రణాళికలోనూ లేదు. కాని ఆంగ్లేయ ఆచార్యునికి అది నచ్చలేదు. చివరకు సుబ్బారావుకు దక్కింది ఎం.బి.బి.ఎస్. కాదు, అంతకన్న తక్కువదైన ఎల్.ఎం.ఎస్. పట్టా. ప్రభుత్వ వైద్య ఉద్యోగం దొరక్క మద్రాసు ఆయుర్వేద కళాశాలలో పాఠాలు చెప్పారు.

1923లో అమెరికాలోని బోస్టన్ నగరం చేరి, హార్వర్డ్ విశ్వవిద్యాలయంలో ఉష్ణదేశ వ్యాధుల కోర్సులో చేరారు. భారతీయులకు అమెరికా పౌరసత్వం చెల్లదని అక్కడి సుప్రీంకోర్టు తీర్పు చెప్పిన సంవత్సరం కూడా అదే. చేతిలో డబ్బు లేదు, అక్కడ వైద్యం చేసే అనుమతీ లేదు. వైద్య పట్టా ఉన్న మనిషి రాత్రిళ్ళు ఆసుపత్రిలో రోగుల బెడ్‌పాన్లు మార్చి, పగలు తరగతికి వెళ్ళేవారు. ఆ స్థితిలో ఉన్నవాడు తోటి విద్యార్థులతో సమానంగా ఎలా మెలగాలో ఏ పుస్తకం చెబుతుంది?

తరువాత జీవరసాయన శాఖలో సైరస్ ఫిస్క్‌తో కలిసి పనిచేశారు. రక్తంలోని భాస్వరాన్ని కొలిచే వారి పద్ధతి 1925లో వెలువడింది. దానికి నేటికీ ఇద్దరి పేర్లూ ఉన్నాయి. కండరాలకు శక్తినిచ్చే పదార్థాలపై పరిశోధన చేసి 1930లో పిహెచ్.డి. పొందారు. అయినా హార్వర్డ్ ఆయనకు శాశ్వత పదవి ఇవ్వలేదు. పనిచేస్తే చాలదు, చేసిన పనిని నలుగురిలో చెప్పుకోవాలి. సుబ్బారావుకు అది చేతకాలేదు. ఆయన కనుగొన్న కొన్ని విషయాలను ఫిస్క్ అసూయతో వెలుగులోకి రానివ్వలేదని, అక్కడే చదివిన నోబెల్ గ్రహీత జార్జ్ హిచింగ్స్ తరువాతి కాలంలో తెలిపారు.

1940లో సుబ్బారావు లెడర్లే మందుల కంపెనీకి మారారు. అక్కడ ఆయన బృందం ఫోలిక్ ఆమ్లాన్ని ప్రయోగశాలలో తయారుచేసింది. మెథోట్రెక్సేట్ అనే క్యాన్సర్ మందు, ఆరియోమైసిన్ అనే యాంటీబయాటిక్ ఆ ప్రయోగశాలనుండే వచ్చాయి. బోదకాలు రాకుండా ఆరోగ్య కార్యకర్తలు ఇచ్చే డి.ఇ.సి. మాత్ర మీరు చూసే ఉంటారు. అదీ అక్కడిదే.

సుబ్బారావు 1948 ఆగస్టులో న్యూయార్క్‌లో నిద్రలోనే కన్నుమూశారు. వయసు 53 ఏళ్ళు. ఇండియాకు ఒక్కసారి కూడా తిరిగి రాలేదు. భార్య శేషగిరి ఆయనను మళ్ళీ చూడలేదు. 1995లో, ఆయన శతజయంతి సంవత్సరంలో, తపాలా శాఖ ఆయన బొమ్మతో స్టాంపు విడుదల చేసింది.