పచ్చికబయలిలోని పాత ఓడ

1897వ సంవత్సరము ఆగస్టు 20వ తేదీన సికిందరాబాదులో రొనాల్డ్ రాస్ దోమ కడుపులో మలేరియా క్రిమిని కనుగొనిన సంగతి మన విద్యార్థులెరుగుదురు. ఆనాడే హిందూ మహాసముద్రమున, కోకోస్ కీలింగ్ దీవులచెంత, 37 అడుగులైనను నిండని కొయ్యపడవ యొకటి ఆగి యుండెను. అందున్నవాడు ఒక్కడే. భూమిని ఒంటరిగా తెరచాప నావపై చుట్టివచ్చిన మొదటి మానవుడగు జాషువా స్లోకం అతడే. పడవ పేరు స్ప్రే. యాత్రను గూర్చి లోకము చాల చెప్పుకొన్నది. అంతకు ముందు ఆ పడవను బ్రతికించుటకు అతడు పడిన శ్రమను గూర్చి అంతగా చెప్పుకొనలేదు.

స్లోకం 1844 ఫిబ్రవరి 20న, నేటి కెనడాకు చెందిన నోవాస్కోషియాలో జన్మించెను. తండ్రి బెస్తలకు తోలుజోళ్లు కుట్టువాడు. పదియేండ్లకే కుమారుని బడి మాన్పించి పనిలో పెట్టెను. బాలుడు చాటుగా చెక్కుకొన్న బొమ్మ ఓడ కంటబడగా, దానిని నేలకేసి కొట్టెను. ఆ దెబ్బ ఫలింపలేదు. 1860లో తల్లి గతించిన పిదప బాలుడు ఇల్లు విడిచి సముద్రము చేరెను. కళాసియై, కొలదియేండ్లకే కాప్టెనయ్యెను. 1871లో సిడ్నీలో వర్జీనియాను వివాహమాడెను. ఆమె కాపురమంతయు ఓడలపైననే. 1884లో బ్యూనస్ ఐరిస్ రేవున ఆమె మరణించెను. 1887లో బ్రెజిలు తీరమున సొంత ఓడ అక్విడ్నెక్ పగిలిపోయెను. ఇంతలో ఆవిరియోడలు సముద్రములను ఆక్రమించెను. తెరచాపవిద్యలో ఆరితేరినవానికి నలుబదియెనిమిదేండ్ల వయసున పని ఇచ్చువారే లేకపోయిరి.

1892లో వృద్ధ నావికమిత్రుడొకడు ఒక ఓడ నిచ్చెదనని, మసాచుసెట్స్ రాష్ట్రమందలి ఫెయిర్‌హేవన్‌కు పంపెను. పోయి చూడగా అది నీటిలో లేదు. పచ్చికబయలిలో ఊతకొయ్యలపై నిలిచి, కాన్వాసుగుడ్డ కప్పుకొని యున్నది. ఏడేండ్లుగా అదే స్థితి. దానిని విరుగగొట్టుటకు వచ్చెనేమోయని ఊరివారు తలచిరి. పూర్వచరిత్ర విచారింపగా తేలినది స్వల్పము. ఒకప్పుడు డెలావేరు తీరమున ఆల్చిప్పలు పట్టిన పడవ యని ఒక వాడుక. ఏనాటిదో నిశ్చయముగా చెప్పగలవారు లేరు.

స్లోకం గొడ్డలి పట్టెను. సమీపమున నున్న ఓక్ చెట్టును కూల్చి, ఓడకు వెన్నెముకవంటి అడుగుదూలమును చెక్కెను. పక్కటెముకలకు కావలసిన కొయ్యలను ఆవిరిపెట్టెలో మెత్తబరచి వంచెను. ఒకటిన్నర అంగుళముల మందము గల పైన్ పలకలను బిగించెను. ప్రక్కలను మధ్యభాగమున ఒక అడుగు ఎత్తు పెంచెను. సందులలో ప్రత్తిని, నారను కూరి నీరు చొరకుండ జేసెను. కొరంగి, తాళ్లరేవు వడ్రంగులు చూచినచో ఇది తమ పనియేయని గుర్తింతురు. 13 నెలలు పట్టెను. తన కూలిగాక అయిన వ్యయము 553 డాలర్ల 62 సెంట్లు.

పాతకొయ్య పోయి క్రొత్తకొయ్య వచ్చినది గదా, ఇది పాత ఓడయా, క్రొత్తదా? థీసియస్ ఓడను గూర్చి ప్రాచీన గ్రీకులు వాదులాడుకొన్న ప్రశ్నయే ఇది. ముక్కవెంట ముక్క మార్చిన ఓడ పాతదేయను నావికసంప్రదాయమునే స్లోకం పాటించి, పేరు మార్చలేదు. తర్కమునకు ఇది చాలదు గాని ఓడకు చాలును.

1895 ఏప్రిల్ 24న బోస్టను విడిచెను. ఖరీదైన నావికగడియారమును బాగుచేయించు సొమ్ములేక, దారిలో ముఖము పగిలిన తగరపుగడియారమును ఒక డాలరుకు కొనెను. మాగెల్లన్ జలసంధిలో రాత్రివేళ దోపిడికాండ్ర భయమున, డెక్కుపై మేకులు చల్లి నిద్రించెను. హుసేన్‌సాగరుపై తెరచాపపడవలను చూచినవారికి తెలియును, చుక్కానిపై చేయి తీసినచో పడవ మాట వినదు. స్ప్రే అట్టిది కాదు. ఆస్ట్రేలియాకు ఉత్తరమున గల థర్స్‌డే దీవినుండి కీలింగ్‌వరకు 2,700 మైళ్లు, 23 దినములు సాగిన ప్రయాణములో అతడు చుక్కాని పట్టినది మొత్తము మూడు గంటలే. తెరచాపలను సరిగా అమర్చి తాళ్లతో చుక్కానిని బంధించినచో, ఆ పడవ తనంతట తానే దారి పట్టి పోయెడిది. పేరు తెలియని ఆ తొలి వడ్రంగి చేతి నేర్పు, స్లోకం చేతి నేర్పు, ఏది ఎంతయో విడదీయుట కష్టము.

1898 జూన్ 27న, 46,000 మైళ్లు తిరిగి న్యూపోర్టు చేరెను. 1900లో వెలువడిన యాత్రాగ్రంథము అతనికి కీర్తిని, కొంత ధనమును తెచ్చెను. పొలము కొని స్థిరపడజూచెను గాని నేల అతనికి అచ్చిరాలేదు. 1909 నవంబరులో మార్తాస్ విన్యార్డ్ దీవినుండి స్ప్రేపై ఒంటరిగా దక్షిణమునకు బయలుదేరెను. తిరిగి రాలేదు. 1924లో న్యాయస్థానము అతడు మరణించినట్లు ప్రకటించెను. పచ్చికబయలినుండి అతడు లేపిన ఆ ఓడ ఏమైనదో ఎవరికిని తెలియదు.