శునకసారథి సెప్పాలా

ఉత్తర అమెరికా ఖండమునకు వాయవ్యపు కొనయందు అలాస్కా అను విశాల ప్రదేశము కలదు. దాని పశ్చిమతీరమున, బేరింగు సముద్రపు టొడ్డున, నోమ్ అను చిన్న పట్టణమున్నది. శీతకాలమున అచ్చటి సముద్రము గడ్డకట్టిపోవును, ఓడలు రాజాలవు. ఇరువదవ శతాబ్ది తొలి దశకములలో, ఆ నెలలయందు ఒక ఉత్తరము చేరవలెనన్నను, ఒక రోగిని వైద్యునికడకు కొనిపోవలెనన్నను, కుక్కలు లాగు మంచుబండియే దిక్కు. ఆ బండికి చక్రములుండవు. రెండు నునుపైన బద్దలమీద అది మంచుపై జారిపోవును. దానికి కుక్కలను జంటలుగా పూన్చెదరు. వానికి కళ్లెము లేదు. సారథి గొంతు విని ముందరి కుక్క కుడికో ఎడమకో తిరుగును. తక్కినవన్నియు దానిని అనుసరించును. అందుచే ఆ ముందరి కుక్కను నాయకశునకమందురు. ఇట్టి బండ్లను నడపినవారిలో అగ్రగణ్యుడని పేరొందినవాడు లియోన్‌హార్డ్ సెప్పాలా.

సెప్పాలా 1877 సెప్టెంబరు 14వ తేదీన నార్వే దేశపు ఉత్తరభాగమున జన్మించెను. తండ్రి సముద్రమున చేపలు పట్టుచు, ఇంటికడ కమ్మరిపని చేయుచు కుటుంబమును పోషించెడివాడు. బాలుడు ఆ రెండు పనులను నేర్చి, చలికిని శ్రమకును అలవాటుపడెను. నోమ్ పరిసరములలో బంగారము దొరకినదను వార్త అప్పుడు లోకమంతట వ్యాపించెను. ఆ బంగారమును కనుగొన్న మువ్వురిలో ఒకడైన లిండెబర్గు నార్వేవాడే, సెప్పాలాకు మిత్రుడు. అతని ప్రోత్సాహమున సెప్పాలా 1900లో అలాస్కా చేరెను. బంగారము ఆతనిని ధనవంతుని చేయలేదు. కాని లిండెబర్గు గనుల సంస్థలో పనిచేయుచుండగా, సామానులు చేరవేయుటకై మంచుబండి నడపుపని ఆతనికి లభించెను. ఆ పనియే ఆతని జీవితమునకు దారి చూపెను.

దక్షిణధ్రువమును 1911లో మొట్టమొదట చేరిన అముండ్సెన్, పిమ్మట ఉత్తరధ్రువమునకు పోదలచెను. ఆయనకు కానుకగా నిచ్చుటకు లిండెబర్గు సైబీరియా నుండి కుక్కలను తెప్పించి, వాని పెంపకమును 1913లో సెప్పాలా కప్పగించెను. ఇంతలో అముండ్సెన్ తన యాత్రను మానుకొనెను. ఎవరికొఱకు తెచ్చిరో ఆయనకు అక్కఱ లేకపోగా, ఆ కుక్కలు సెప్పాలాకే మిగిలెను. ఈశాన్య సైబీరియాలోని చుక్చీలు అను ప్రజలు తరతరములుగా పెంచిన జాతి అది. అలాస్కాలోని బలిష్ఠములైన కుక్కల ప్రక్కన ఇవి మిక్కిలి చిన్నవిగా కనబడెడివి. ఇవి పందెములకు కొరగావని పలువురు తలచిరి. సెప్పాలా మాత్రము వాని చుఱుకుదనమును, అలసట యెఱుగని పరుగును గమనించెను.

నోమ్ పట్టణమున ఏటేట మంచుబండ్ల పందెము జరుగుచుండెను. దూరము 408 మైళ్లు. 1914లో సెప్పాలా తన పడుచు కుక్కలతో ఆ పందెమునకు దిగెను. దారి ఆతనికి సరిగా తెలియదు. నడుమ మంచుతుపాను విజృంభించెను. కన్ను పొడుచుకొన్నను కానరాని ఆ తెల్లని చీకటిలో బండి దారి తప్పి, సముద్రతీరమునందలి ఒక కొండకొమ్ము అంచువఱకు పోయెను. ఇంకను కొంచెము ముందుకు సాగినచో అందఱును అగాధమున పడెడివారు. ఎట్టకేలకు సెప్పాలా కుక్కలను వెనుకకు మరల్చగలిగెను. కాని వాని పాదములు చీలి నెత్తురోడుచుండెను. ఆతడు పందెము నుండి విరమించుకొనెను.

ఓటమికంటె వేఱొక విషయము ఆతనిని ఎక్కువగా బాధించెను. ఆ మూగజీవులు తన మాటను నమ్మి పరుగెత్తినవి. తాను దారి యెఱుగకయే వానిని ఆపదలోనికి నడిపించెను. తప్పు కుక్కలది కాదు, సారథిది. ఈ సంగతిని ఆతడు మఱవలేదు. ఆ వేసవి గడచిన పిదప ఆతడు నలుగురి కంట పడకుండ సాధన ప్రారంభించెను. ప్రతి కుక్క యొక్క స్వభావమును, బలమును, బలహీనతను వేర్వేరుగ తెలిసికొనెను. వానికి మేత పెట్టుట, పాదములను పరీక్షించుట, గాయములకు మందు వేయుట తన నిత్యవిధిగా చేసికొనెను. 1915లో ఆతడే గెలిచెను. 1916లోను, 1917లోను మరల గెలిచెను. చిన్నవని చులకన చేయబడిన కుక్కలే మూడేండ్లు వరుసగా విజయము తెచ్చెను.

ఆ కుక్కల సంతతిలో ఒక బక్క పిల్ల యుండెను. అది తఱచు జబ్బుపడెడిది. రష్యాను జయించిన జపాను నౌకాసేనాని పేరిట దానికి టోగో యని పేరు పెట్టిరి. దాని అల్లరికి మేర లేదు. బండి లాగుటకు పనికిరాదని తలచి సెప్పాలా దానిని ఒకరి ఇంట పెంచుకొనుట కిచ్చివేసెను. అది కిటికీ అద్దమును పగులగొట్టుకొని దుమికి, పరుగుపరుగున తిరిగి వచ్చెను. ఎనిమిది నెలల ప్రాయమున ఒకనాడు కట్టు త్రెంచుకొని, ప్రయాణములో నున్న బండిని వెంబడించి, దారిలోని కుక్కలను చికాకు పెట్టసాగెను. వేఱు దారి లేక సెప్పాలా దానినికూడ బండికి పూన్చెను. పట్టీలు మెడకు తగిలినంతనే దాని అల్లరి అణగెను. అది క్రమముగా ముందుకు మార్చబడి, ఆ దినము ముగియునప్పటికి నాయకశునకము సరసన నిలిచెను. అంతటినుండి టోగోయే సెప్పాలా బండికి కన్ను.

1925 జనవరిలో నోమ్ పట్టణమున కంఠసర్పి యను డిఫ్తీరియా వ్యాధి చెలరేగెను. గొంతులో పొర యేర్పడి ఊపిరి ఆడనీయక పిల్లలను హరించు వ్యాధి యది. పట్టణమునకు ఒక్కడే వైద్యుడు, డాక్టరు వెల్ష్. ఆయనకడ నున్న మందు కాలము చెల్లినది. యాంకరేజి ఆస్పత్రిలో 3,00,000 యూనిట్ల మందు దొరకెను. దానిని నెనానా వఱకు రైలులో తెచ్చిరి. అక్కడినుండి నోమ్‌కు రైలు లేదు. 674 మైళ్లు, అనగా 1,085 కిలోమీటర్లు, మంచుదారి. ఆనాటి విమానములు అట్టి చలిలో ఎగురుట ప్రమాదకరము. అందుచే అలాస్కా గవర్నరు కుక్కల బండ్లవైపే మొగ్గెను. 20 మంది సారథులు, సుమారు 150 కుక్కలు ఒకరి చేతినుండి మఱొకరి చేతికి మందును అందించుకొనుచు సాగునట్లు ఏర్పాటయ్యెను.

సెప్పాలా జనవరి 28వ తేదీన 20 కుక్కలతో నోమ్ నుండి ఎదురు బయలుదేరెను. అప్పటి కాతని వయస్సు 47 ఏండ్లు. టోగోకు 12 ఏండ్లు. కుక్కకు 12 ఏండ్లనగా వార్ధక్యమే. సెప్పాలా ఏకైకపుత్రిక సిగ్రిడ్ ఆ రోగగ్రస్తమైన పట్టణముననే యుండెను. పట్టణపు పిల్లలందఱితోపాటు తన బిడ్డ ప్రాణముకూడ ఆ కుక్కల కాళ్లపై ఆధారపడియుండెను.

సుమారు 170 మైళ్లు సాగిన పిమ్మట, జనవరి 31వ తేదీన షక్టూలిక్ గ్రామ సమీపమున ఎదురుగ మఱొక బండి కనబడెను. మందు ఇంకను చాల దూరమున నున్నదని తలచి సెప్పాలా దానిని దాటిపోవుచుండెను. తాను బయలుదేరిన పిదప మఱికొందఱు సారథులను చేర్చి మందును త్వరపెట్టిన సంగతి ఆతనికి తెలియదు. ఆ బండివాడు కేకలు వేసి పిలువగా, మందు దగ్గఱకే వచ్చినదని తెలిసెను. సెప్పాలా దానిని గైకొని వెంటనే వెనుదిరిగెను.

తిరుగుదారిలో నార్టన్ అఖాతము అడ్డముగా నున్నది. ఒడ్డు వెంబడి చుట్టి పోయినచో దాదాపు ఒక దినము ఆలస్యమగును. గడ్డకట్టిన సముద్రముపై అడ్డముగా పోయినచో దగ్గఱ. కాని పెనుగాలికి ఆ మంచు ఏ క్షణమున పగులునో, పగిలిన పలక బండితోసహా ఎప్పుడు నడిసముద్రమునకు కొట్టుకొనిపోవునో తెలియదు. చలి సున్నకు దిగువ 30 ఫారన్‌హీటు డిగ్రీలు. చీకటి పడెను. మంచు పగులు చప్పుడు గాలి హోరులో వినబడదు. ముందరి దారి కనబడదు. తన చూపును, వినికిడిని నమ్మజాలక సెప్పాలా టోగోను నమ్మెను. అది మంచును తన పాదములతో పరీక్షించుచు, తిన్నని దారిని విడువక, రాత్రి 8 గంటలకు బండిని ఆవలి ఒడ్డు చేర్చెను. వారు కొలది గంటలు విశ్రమించి, నడిరేయి దాటిన పిదప మరల బయలుదేరిరి. అప్పటికే వారు వచ్చిన దారిలోని మంచు పగిలిపోవుచుండెను.

మఱునాడు ఎత్తైన గుట్టలను ఎక్కి దిగి, మధ్యాహ్నము 3 గంటలకు సెప్పాలా గోలోవిన్ చేరి, మందును తరువాతి సారథి కప్పగించెను. రాకపోకలు కలిసి ఆతని బండి నడచిన దూరము 261 మైళ్లు. తక్కిన సారథులలో ఎవరును అంత దూరము నడువలేదు. తుది అంచెలో గన్నార్ కాసన్ అను సారథి, బాల్టో అను కుక్క ముందు నడువగా, తుపానులో ప్రయాణించి ఫిబ్రవరి 2వ తేదీ వేకువ 5.30 గంటలకు నోమ్ చేరెను. నెనానా నుండి మొత్తము అయిదున్నర దినములైనను పట్టలేదు. మందు అందగా వ్యాధి అణగెను.

కీర్తి మాత్రము పట్టణములోనికి ప్రవేశించిన బాల్టోకే దక్కెను. ఆ సంవత్సరమే న్యూయార్కు నగరపు ఉద్యానమున దానికి విగ్రహము నెలకొల్పిరి. బాల్టోకూడ సెప్పాలా పెంచిన కుక్కయే. ఐనను అత్యంత కఠినమైన దారిలో నడచిన టోగోను లోకము గుర్తింపలేదని ఆతడు నొచ్చుకొనెను. 1926లో న్యూయార్కున అముండ్సెన్ స్వయముగా టోగోకు బంగారు పతకము నొసగెను. ఆయనకొఱకు తెచ్చిన కుక్కల వంశమునకు ఆయన చేతనే గౌరవము లభించెను.

ఇక బాల్టో గతి యేమయ్యెను? ఊరూర ప్రదర్శింపబడి, చేతులు మారి, తుదకు అది తన జతకుక్కలతో లాస్ ఏంజెలిస్ నగరమున ఒక వింతల ప్రదర్శనశాలలో గొలుసులకు కట్టబడియుండెను. కొందఱి ప్రాణములు కాపాడిన జీవులు అచ్చట చిక్కి శల్యమై, చిల్లర చెల్లించినవారికి వినోదమగుచుండెను. 1927లో క్లీవ్‌లాండు నగర వర్తకుడైన జార్జి కింబుల్ వానిని చూచి చలించెను. వానిని విడిపించుటకు 2,000 డాలర్లు కావలసివచ్చెను. క్లీవ్‌లాండు ప్రజలు చందాలు వేసికొనిరి. బడిపిల్లలు తమ చిల్లరకాసులను కూడబెట్టి యిచ్చిరి. రెండు వారములలోపుననే సొమ్ము సమకూడెను. మార్చి 19వ తేదీన ఏడు కుక్కలను ఆ నగరవీధులలో ఊరేగించి, జంతుప్రదర్శనశాలలో సుఖముగా నుంచిరి. బాల్టో 1933 వఱకు అక్కడనే జీవించెను. తోడువచ్చిన శునకమును విడిచి స్వర్గమునకైనను రానన్న ధర్మరాజు కథ ఆ పిల్లలు విని యుండకపోవచ్చును; ఆ ధర్మమును మాత్రము వారు ఆచరించి చూపిరి.

సెప్పాలా కొంతకాలము అమెరికా ఈశాన్య రాష్ట్రములలో పందెములలో పాల్గొని, తన చిన్న కుక్కల శక్తిని అందఱికి చూపెను. 1930లో ఆ జాతికి సైబీరియన్ హస్కీ యను పేరుతో అధికారికమైన గుర్తింపు లభించెను. ముసలిదైన టోగో కఠినమైన అలాస్కా బాటలను మరల తట్టుకొనజాలదని తలచి, సెప్పాలా దానిని మెయిన్ రాష్ట్రమున విశ్రాంతిగా నుంచెను. కీళ్లు పట్టి, చూపు మందగించి, 1929 డిసెంబరు 5వ తేదీన అది కన్నుమూసెను.

సెప్పాలా 1967 జనవరి 28వ తేదీన సియాటిల్ నగరమున మరణించెను. మందుకొఱకు బయలుదేరిన దినమునకు అది సరిగా 42వ వార్షికదినము. ఆతని చితాభస్మమును అలాస్కా మంచుబాటలపై చల్లిరి. అలాస్కాలో 1973లో ఇడిటరాడ్ అను గొప్ప మంచుబండ్ల పందెము మొదలయ్యెను. అందులో ఆతని పేరిట ఒక బహుమతి నేర్పఱచిరి. అది ముందుగ గమ్యము చేరినవారి కిచ్చునది కాదు. తన కుక్కలను ఎల్లరికంటె బాగుగ చూచుకొన్న సారథి కిచ్చునది.