కొండ పలుకుకు అక్షరమిచ్చిన గిడుగు

శ్రీకాకుళం: ఏటా ఆగస్టు 29 వచ్చిందంటే జిల్లాలోని పాఠశాలల్లో గిడుగు వెంకట రామమూర్తి పంతులు చిత్రపటానికి పూలమాల పడుతుంది. వాడుక భాషోద్యమ పితామహుడంటూ ఉపన్యాసాలు సాగుతాయి. వ్యాసరచన పోటీల విజేతలకు బహుమతులు పంచడంతో సభ ముగుస్తుంది. ఆ సభల్లో అంతగా వినిపించని అధ్యాయం ఆయన జీవితంలో ఒకటుంది. గ్రాంథిక భాషపై సమరానికి దిగడానికి చాలా ముందే ఆయన మాధ్యమిక తరగతుల పిల్లలకు పాఠాలు చెప్పే సామాన్య ఉపాధ్యాయుడు. పుస్తకంలోని పాఠానికి, పిల్లవాడి చుట్టూ ఉన్న లోకానికి మధ్య ఉన్న దూరాన్ని ఆయన అక్కడే గుర్తించారు. ఆ దూరాన్ని తగ్గించే ప్రయత్నంలో ఆస్తిని, ఆరోగ్యాన్ని, చివరకు వినికిడిని సైతం ధారపోశారు.

వంశధార తీరాన, శ్రీకాకుళానికి ఉత్తరంగా సుమారు 20 మైళ్ల దూరంలో ఉన్న పర్వతాలపేటలో 1863 ఆగస్టు 29న రామమూర్తి జన్మించారు. శ్రీముఖలింగం అక్కడికి సమీపంలోనే ఉంది. తండ్రి వీర్రాజు రెవెన్యూ ఉద్యోగి, తల్లి వెంకమ్మ. తండ్రి చోడవరానికి బదిలీ అయి, అక్కడే 1875లో విషజ్వరంతో మరణించారు. అప్పటికి రామమూర్తికి పన్నెండేళ్లు. విశాఖపట్నంలో మేనమామ ఇంట తలదాచుకుని, తర్వాత విజయనగరం మహారాజావారి పాఠశాలలో చదివారు. అక్కడ ఆయన సహాధ్యాయి గురజాడ అప్పారావు. ఇద్దరూ 1879లో మెట్రిక్యులేషన్ పూర్తి చేశారు. తెలుగు వచనానికి, తెలుగు చదువుకు దారి మార్చిన ఇద్దరు ఒకే బడి నుంచి రావడం ఉత్తరాంధ్ర చరిత్రలో మరువరాని విశేషం.

కుటుంబ భారం నెత్తిన పడిన రామమూర్తి పైచదువుకు వెళ్లలేక 1880లో పర్లాకిమిడి రాజావారి పాఠశాలలో చేరారు. నెల జీతం 30 రూపాయలు. ఫస్టు ఫారం పిల్లలకు చరిత్ర బోధించే పని. ఫస్టు ఫారం అంటే నేటి లెక్కలో ఆరో తరగతి. ఉద్యోగం చేస్తూనే ప్రైవేటుగా చదివి 1886లో ఎఫ్.ఏ., 1896లో బి.ఏ. పట్టం పొందారు.

గుడి గోడలే పాఠ్యపుస్తకం

చరిత్ర పాఠమంటే ఎక్కడో ఉన్న రాజుల పేర్లు, యుద్ధాల తేదీలు వల్లె వేయించడమే ఆనాటి పద్ధతి. పిల్లలు నిత్యం చూసే శ్రీముఖలింగం ఆలయాల రాళ్లపై తూర్పు గాంగుల శాసనాలున్నాయి. అవి ఏమి చెబుతున్నాయో పాఠ్యపుస్తకంలో లేదు. రామమూర్తి ఎవరి వద్దా శిక్షణ పొందకుండానే ఆ లిపిని స్వయంకృషితో నేర్చుకుని శాసనాలను చదివారు. గాంగవంశీయులపై ఆయన వ్యాసాలు ఇండియన్ యాంటిక్వెరీ వంటి పత్రికల్లో వెలువడి చరిత్రకారుల దృష్టికి వచ్చాయి. పండితుల మెప్పు సంగతి అలా ఉంచితే, పరిసరాల నుంచే చదువు మొదలుకావాలన్న ఆయన తత్వానికి ఇది తొలి నిదర్శనం. ఈనాటి ఉపాధ్యాయ శిక్షణ పుస్తకాలు ఇదే మాటను ఎన్నో పేజీల్లో చెబుతున్నాయి.

ఆ తత్వం రాళ్లతో ఆగలేదు. పర్లాకిమిడి సంతకు కొండల నుంచి సవరలు దిగివస్తుండేవారు. అడ్డాకులు, చింతపండు, ఇప్పపువ్వు వంటి అటవీ ఫలసాయం అమ్ముకుని, ఉప్పు, బట్టలు కొనుక్కుని తిరిగి కొండెక్కేవారు. తూకంలో, లెక్కలో, వడ్డీలో వారిని మోసగించడం మైదాన ప్రాంత వ్యాపారులకు సులువైన పని. కారణం భాష. సవర భాష తెలుగుకు గానీ ఒడియాకు గానీ బంధువు కాదు. సంతాలీ, ముండారీ భాషలున్న ముండా కుటుంబానికి చెందినది. కచేరీలో, ఠాణాలో, బడిలో ఆ భాష తెలిసినవారు లేరు. పక్కనే ఉన్న మనుషుల మాట పట్టణంలో ఎవరికీ తెలియకపోవడం రామమూర్తిని కదిలించింది.

తెలుగు వచ్చిన ఒక సవర యువకుణ్ణి ఇంట ఉంచుకుని ఆయన భాష నేర్వడం మొదలుపెట్టారు. వ్యాకరణం లేదు, నిఘంటువు లేదు, లిపి లేదు. ప్రతి మాటనూ చెవితో పట్టి కాగితంపై పెట్టాల్సిందే. గొంతులో తెగినట్టు ఆగిపోయే ధ్వనులు సవరలో ఉన్నాయి. తెలుగు అక్షరాలకు అవి పూర్తిగా లొంగవు. పని పేరు, ఆ పని జరిగే వస్తువు పేరు ఒకే మాటలో కలిసిపోయే విచిత్ర నిర్మాణం ఆ భాషది. పట్టణంలో కూర్చుంటే ఇవి అంతుపట్టవని గ్రహించి ఆయన కొండ గూడేలకు వెళ్లనారంభించారు.

ఆ కొండల్లో మలేరియా ప్రబలం. జ్వరం ఆయన్ను పదేపదే పట్టి పీడించింది. విరుగుడుగా వాడిన క్వినైన్ వినికిడిని హరించింది. తండ్రిని బలిగొన్నదీ విషజ్వరమేనన్నది ఇక్కడ గుర్తుంచుకోవాలి. చెవిని నమ్ముకుని ఒక భాషను అక్షరాల్లోకి దించుతున్న మనిషికి చెవుడు రావడం కంటే పెద్ద దెబ్బ ఉండదు. అయినా పని ఆగలేదు.

సవర పిల్లలకు సవరలోనే

భాష నేర్చిన పండితుడు సాధారణంగా వ్యాకరణం రాసి పేరు తెచ్చుకుంటాడు. రామమూర్తి క్రమం వేరు. పిల్లల పుస్తకాలు ముందు వచ్చాయి, పండితులకు పనికివచ్చే పుస్తకాలు తర్వాత వచ్చాయి. సవర పిల్లలు చదువుకోవడానికి వాచకాలు సిద్ధం చేశారు. సవరల నోట వినిపించే పాటలను, కథలను సేకరించి పుస్తకాలుగా కూర్చారు. తెలుగు - సవర నిఘంటువు తయారుచేశారు. కొత్త లిపి కోసం ఎదురుచూడకుండా తెలుగు లిపినే వాడుకున్నారు. సవర పిల్లలను తన ఇంట ఉంచుకుని, భోజనం పెట్టి చదువు చెప్పించారు. సొంత ఖర్చుతో బడులు నడిపారు. అగ్రవర్ణ కుటుంబంలో ఆ రోజుల్లో అది ఎంత సాహసమో నేటి పాఠకుడు ఊహించుకోవచ్చు. ఆయన కృషికి ప్రభుత్వం పారితోషికం ఇవ్వజూపగా, అది తనకు వద్దని, సవరలకు బడులు పెట్టించమని కోరినట్టు జీవిత చరిత్రకారులు చెబుతారు. 1911లో ఉపాధ్యాయ వృత్తి నుంచి విరమించిన ఆయనకు 1913లో రావు బహదూర్ బిరుదు లభించింది.

ఇందులో అడవికి సంబంధించిన సంగతి ఏమిటన్న సందేహం రావచ్చు. పర్యావరణం అన్న మాట ఆనాటి వాచకాల్లో లేదు. సవరల బతుకంతా పరిసరాల జ్ఞానమే. పోడు వ్యవసాయంతో పాటు కొండవాలున రాళ్లు పేర్చి, మట్టి కొట్టుకుపోకుండా గట్లు కట్టి, వాగు నీటిని ఒక మడి నుంచి మరో మడికి దించుతూ మెట్లపొలాల్లో వరి పండించడం వారికి తరతరాలుగా వచ్చిన విద్య. జీలుగు చెట్టును ఎప్పుడు గీయాలో, ఏ దుంప తినవచ్చునో, ఏ ఆకు మందో వారి పిల్లలకు బడికి వెళ్లకముందే తెలుసు. ఆ జ్ఞానమంతా పేర్లలో, సామెతల్లో, పాటల్లో దాగి ఉంది. పిల్లవాడు బడిలో అడుగుపెట్టగానే ఆ పేర్లన్నీ పనికిరానివైపోతే, పేరుతో పాటు చెట్టు కూడా అతని మనసులోంచి జారిపోతుంది. కొండల్లో తెలుగు లేదా ఒడియా వాచకంతో మొదలయ్యే చదువు చేసేది అదే. రామమూర్తి కూర్చిన పాటలు, కథలు, నిఘంటువులు ఆ జారిపోవడానికి అడ్డుకట్ట వేసే ప్రయత్నమని చెప్పడం అతిశయోక్తి కాదు.

మైదానంలోని తెలుగు పిల్లల పరిస్థితి కూడా మరీ మెరుగేమీ కాదు. చిన్నయసూరి నీతిచంద్రిక ఆనాటి బడుల్లో ప్రామాణిక గ్రంథం. అందులోనూ పక్షులు, మృగాలు ఉన్నాయి. అయితే అవి రాజనీతి చెప్పే పాత్రలు. ఇంటి చూరులో గూడు కట్టే పిచ్చుకతో వాటికి పోలిక లేదు, పిల్లల నోటి మాటతోనూ లేదు. 1906లో ఉత్తర జిల్లాల పాఠశాలల తనిఖీ అధికారిగా వచ్చిన జె.ఎ. యేట్స్‌కు, జనం మాట్లాడే తెలుగు ఒకటి, పిల్లలు చదివే తెలుగు మరొకటి కావడం వింతగా తోచింది. ఆ ప్రశ్నకు సమాధానంగా గురజాడ, రామమూర్తి, పి.టి. శ్రీనివాస అయ్యంగార్ ఒక్కటై కదిలారు. తర్వాతి కథ తెలుగునాట అందరికీ తెలిసిందే. జయంతి రామయ్య పంతులు ప్రభృతులతో వాదాలు, ఊరూరా సభలు, 1919లో తెలుగు మాసపత్రిక. వినికిడి తగ్గిన ఆ వృద్ధుడు పుస్తకాల మూటతో సభలకు వెళ్లి, పూర్వ కవుల ప్రయోగాలనే సాక్ష్యంగా చూపి పండితులను నిలదీశారు. సవర బడిలో పిల్లవాడి మాటకు ఇచ్చిన విలువనే తెలుగు బడిలోనూ ఇవ్వాలన్నది ఆ వాదాల సారాంశం. ఉద్యమం ముందా, సవర ముందా అని చూస్తే సవరే ముందు.

ఇంట పుట్టిన చిలకమ్మ పెండ్లి

రామమూర్తి పెద్ద కుమారుడు గిడుగు వెంకట సీతాపతి (1885 - 1969) తండ్రికి సవర కృషిలో కుడిభుజం. తెలుగు బాలసాహిత్యానికి ఆయన ఇచ్చిన కానుక చిలకమ్మ పెండ్లి గేయం. చిలకమ్మకు పెళ్లి. పందిట్లో పిచ్చుకల సందడి, కాకుల బాకాలు, కప్పల డప్పులు, తుమ్మెద తంబుర, నెమళ్ల ఆట, కోయిల పాట. ఒక ఊరి తోటలోని ప్రాణులన్నీ పెళ్లిపనుల్లో భాగస్వాములు. ఇందులో నీతి బోధ లేదు, పక్షులను రక్షించండన్న ప్రబోధం లేదు. ఒక్కసారి పాడుకున్న పిల్లవాడికి ఏ పిట్ట ఎలా కూస్తుందో, ఏది ఎలా ఆడుతుందో మనసులో నిలిచిపోతుంది. నినాదాలు రాసిన అట్టముక్కలతో ఊరేగింపు తీసే నేటి పర్యావరణ దినోత్సవాల కంటే ఈ గేయం ఎక్కువ పని చేసిందనడంలో సందేహం అక్కరలేదు. టెక్కలి మండలం తేలినీలాపురం చింతచెట్లపై గూడబాతులు, ఎర్రకాళ్ల కొంగలు ఏటా గూళ్లు కడతాయి. గ్రామస్తులే వాటికి కాపలా. జిల్లా పిల్లలకు ఆ గేయాన్ని నేర్పడానికి అంతకంటే అనువైన తరగతి గది దొరకదు.

సుమారు 35 ఏళ్ల శ్రమ ఫలితంగా రామమూర్తి ఆంగ్లంలో రాసిన సవర భాషా వ్యాకరణాన్ని మద్రాసు ప్రభుత్వం 1931లో ప్రచురించింది. సవర - ఇంగ్లిషు నిఘంటువు ఆ తర్వాత వచ్చింది. ముండా భాషలపై పనిచేసే పరిశోధకులు నేటికీ వాటిని తెరవక తప్పదు. ప్రభుత్వం కైజర్-ఇ-హింద్ పతకంతో సత్కరించింది.

ఆఖరి దశలో ఆయనకు మరో గాయం తగిలింది. 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా రాష్ట్రం ఏర్పడినప్పుడు పర్లాకిమిడి పట్టణం అందులో చేరింది. దాన్ని చివరి వరకు వ్యతిరేకించిన రామమూర్తి, యాభై అయిదేళ్లకు పైగా ఉన్న ఊరిని ముందురోజు సాయంత్రమే విడిచి రాజమహేంద్రవరంలోని కుమారుని ఇంటికి తరలిపోయారు. తాను నడిచిన సవర కొండలకు ఆయన దూరమయ్యారు. 1940 జనవరి 22న కన్నుమూశారు.

మాతృభాషలో గిరిజన విద్య అన్న ఆయన ఆలోచనను ప్రభుత్వం అందుకోవడానికి ఆ తర్వాత ఆరు దశాబ్దాలకు పైగా పట్టింది. 2004లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఎనిమిది గిరిజన భాషల్లో ప్రాథమిక విద్య ప్రయోగాత్మకంగా మొదలైంది. సవర వాటిలో ఒకటి. తెలుగు లిపిలోనే రూపొందిన ఆ పుస్తకాల్లో పండుగలు, రుతువులు, అడవి, పంటలు పాఠాలయ్యాయి. అంతకు ముందు ఏడాది, 2003 డిసెంబరులో, పర్యావరణ విద్యను అన్ని తరగతుల్లో తప్పనిసరిగా అమలు చేయాలన్న తన 1991 నాటి ఆదేశాన్ని సుప్రీంకోర్టు మరోసారి గట్టిగా చెప్పింది. అయితే సవర పుస్తకాలు చిన్న తరగతులకే పరిమితం. ఆరో తరగతికి వచ్చేసరికి, అంటే రామమూర్తి పాఠం మొదలుపెట్టిన ఫస్టు ఫారం దగ్గరకు వచ్చేసరికి, సవర విద్యార్థి చేతిలో ఉండేది మైదానపు పుస్తకమే.

ఆయన పుట్టిన పర్వతాలపేట శ్రీకాకుళం జిల్లాలో ఉంది. పాఠం చెప్పిన పర్లాకిమిడి ఒడిశాలో ఉంది. సవర గూడేలు ఎక్కువగా ఉన్న సీతంపేట మన్యం 2022 ఏప్రిల్‌లో పార్వతీపురం మన్యం జిల్లాలోకి వెళ్లింది. మెళియాపుట్టి, మందస కొండల్లోని సవర పిల్లలు మాత్రం శ్రీకాకుళం జిల్లా బడులకే వస్తున్నారు.