గిడుగు రామమూర్తి పంతులు

శ్రీకాకుళము జిల్లాలో వంశధారా నదీతీరమున శ్రీముఖలింగక్షేత్రము కలదు. దానికి సమీపమున నున్న పర్వతాలపేటలో 1863 ఆగస్టు 29వ తేదీన గిడుగు రామమూర్తి జన్మించెను. ఆయనకు పండ్రెండేండ్లు నిండునప్పటికే తండ్రి మరణించెను. విజయనగరములో మెట్రిక్యులేషన్ పరీక్షలో నుత్తీర్ణుడై, 1880లో ఆయన పర్లాకిమిడి రాజావారి పాఠశాలలో ఉపాధ్యాయుడుగా చేరెను.

కళాశాలలో చేరి చదువుకొను భాగ్యము ఆయనకు కలుగలేదు. పాఠములు చెప్పుచునే స్వయముగా చదివి ఎఫ్.ఏ., బి.ఏ. పరీక్షలలో కృతార్థుడయ్యెను. కాలక్రమమున ఆ పాఠశాలయే కళాశాల కాగా, అచటి విద్యార్థులకు ఆయన బోధకుడయ్యెను.

చరిత్ర బోధించు దినములలో ముఖలింగ దేవాలయములందలి శిలాశాసనములు ఆయన మనసు నాకర్షించెను. ఆ ప్రాచీనలిపిని పట్టుదలతో నేర్చుకొని, శాసనములను స్వయముగా చదివి, గాంగరాజులను గూర్చి ఆంగ్లమున వ్యాసములు ప్రకటించెను. మూలాధారమును కన్నులార చూచి, పరీక్షించి, పిదప వ్రాయుట ఆయన పద్ధతి.

పర్లాకిమిడి చేరువ కొండలలో సవరలు నివసింతురు. నాడు వారి భాషకు లిపి లేదు. పుస్తకము లేని భాషకు దానిని మాటాడువారే ఆధారము. కావున రామమూర్తి తెలుగు, సవర రెండును ఎరిగిన యొక సవరను తన యింటనే యుంచుకొని ఆ భాషను నేర్చుకొనెను. ఏండ్ల తరబడి మన్యమున సంచరించెను. అచట విషజ్వరములు మెండు. వాని నివారణకై క్వినైను మిక్కిలిగా సేవించుటచే ఆయనకు చెవుడు వచ్చెను. పరుల పలుకులను చెవియొగ్గి విని వ్రాసికొనవలసిన పండితునకు ఇంతకు మించిన కష్టమేమి కలదు? అయినను ఆయన చేపట్టిన పని విడువలేదు. సవరభాషలో పుస్తకములు వ్రాసి, సొంత ధనముతో పాఠశాలలు నెలకొల్పి, సవర బాలురకు వారి భాషలోనే చదువు చెప్పించెను.

సుమారు ముప్పదియైదేండ్ల కృషి ఫలితమైన సవర వ్యాకరణమును 1931లో మద్రాసు ప్రభుత్వము అచ్చువేయించెను. తరువాత సవర నిఘంటువును గూడ ఆయన సిద్ధపరచెను. ప్రజల నోటిమాటకు విలువ నిచ్చిన ఆయన, తెలుగువారి వాడుకభాషకును పుస్తకములలో స్థానము కలుగవలెనని కడదాక పోరాడెను. ఆంధ్ర విశ్వవిద్యాలయము 1938లో ఆయనను కళాప్రపూర్ణ బిరుదముతో సత్కరించెను. 1940 జనవరి 22వ తేదీన ఆయన కీర్తిశేషుడయ్యెను. ఆయన జన్మదినమును నేడు తెలుగు భాషా దినోత్సవముగా జరుపుకొనుచున్నారు.

రామమూర్తికి రాతిమీది యక్షరమును గురువే, కొండవాని పలుకును గురువే. తెలియనిదానిని దాని చోటికే పోయి తెలిసికొని, తెలిసినంతయే వ్రాయువాడు నిజమైన పరిశోధకుడు.