చంద్రభాగాతీరమున నామదేవుడు

పండరిపురముచెంత భీమానది నెలవంకవలె వంగి ప్రవహించును. అందుచేతనే అచట దానికి చంద్రభాగ యను పేరు కలిగినది. సుమారు ఏడువందల సంవత్సరములకు పూర్వము ఆ నది యిసుకతిన్నెలపై ఒక కవిగోష్ఠి కూడుచుండెడిది. దానికి రాజాశ్రయము లేదు, బిరుదులు లేవు, కనకాభిషేకములు లేవు. కుమ్మరి, కంసాలి, దర్జీ, ఇంటిపని చేయు దాసి ఇందలి కవులు. అరణ గ్రామవాసియైన సావతామాలి తన తోట విడిచి రాకున్నను, అతడును ఈ గోష్ఠిలోనివాడే. వీరి నడుమ నిలిచి, తాళము పట్టి, అందరిచేత పాడించినవాడు నామదేవుడు.

ఆయన 1270వ సంవత్సరమున జన్మించెనని సంప్రదాయము. తండ్రి దామాశెట్టి, తల్లి గోణాయి. కులవృత్తి బట్టలు కుట్టుట. కుమారుడు సూది విడిచి విఠలుని గుడిలోనే కాలము గడుపుచుండుట తల్లికిని, భార్యయైన రాజాయికిని దుఃఖకారణమయ్యెను. ఇల్లు గడవని సంసారము వారిది. వారి మొరను తప్పుపట్టుటకు వీలులేదు. అయినను కాలక్రమమున ఆ యిల్లే కవితాకుటీరముగా మారినది. నూరుకోట్ల అభంగములు రచింతునని నామదేవుడు ప్రతిన పూనగా, ఇంటివారందరును ఆ భారమును పంచుకొనిరని కథ.

అభంగము చిన్న రచన. వాడుకలోనున్న మరాఠీ మాటలతో అల్లబడి, చివర కవి పేరుతో ముగియును. ఒకడు పాడగా తక్కినవారు పల్లవి నందుకొందురు. కావున వినవచ్చినవాడు వినుటతో ఆగక, తానును పాడువాడగుచుండెను. ఈ పాటలు చాలకాలము నోటినుండి నోటికి నడచినవి. నామదేవుని పేర నేడు లభించు రెండువేలకు పైబడిన అభంగములలో తరువాతి కవులవియు కొన్ని చేరియున్నవి.

ఒకనాడు ఈ భక్తులందరు కూడియుండగా, జ్ఞానేశ్వరుని చెల్లెలు ముక్తాబాయి, ఈ కుండలలో కాలినవెన్నో చూడుమని గోరాకుంభారుని కోరెనట. గోరా కుండలను తట్టి చూచు కొయ్య తీసికొని వరుసగా ఒక్కొక్కరి తలపై తట్టెను. అందరును నిశ్చలముగా నుండిరి. నామదేవుడు మాత్రము ఇదేమి మర్యాద యని చిరాకుపడెను. ఈ కుండ యొక్కటే పచ్చిదని కుమ్మరి తేల్చెను. నలుగురిలో, తాను నడుపు గోష్ఠిలోనే, కలిగిన యీ అవమానము ఆయన గుండెను కోసినది. అప్పటికే ఆయన కీర్తన వినుటకు జనము మూగుచుండిరి; కాని పాట పండినంత మాత్రమున పాడువాడు పండునా?

ఆ బాధతో ఆయన గురువును వెదకుచు బయలుదేరెను. ఔంఢా నాగనాథ క్షేత్రమున విసోబా ఖేచరుడు శివలింగముపై పాదములుంచి పరుండియుండెను. నామదేవుడు ఆక్షేపింపగా, దేవుడు లేనిచోటికి ఆ పాదములను జరుపుమనెను. ఎచటికి జరిపిన అచటనే లింగము కానవచ్చినదట. పండరిలో ఇటుకపై నిలిచిన మూర్తియందే ఇమిడియున్న విఠలుడు ఆనాటినుండి ఆయనకు సర్వత్ర గోచరింపసాగెను. 1296వ సంవత్సరమున ఆళందిలో జ్ఞానేశ్వరుడు సమాధినొందిన ఘట్టమును ఆయన అభంగములుగా గానము చేసెను.

ఆయన యింటి దాసియైన జనాబాయి తిరుగలి విసరుచు, పేడ యెత్తుచు పాడుకొన్నది. ఆమె తన్ను నామదేవుని దాసిగా పేర్కొనుచునే పాట ముగించును. మూడువందలకు పైగా అభంగములు ఆమె పేర నిలిచినవి. ఏ ఆస్థానమునందును ఇట్టి కవయిత్రికి ఆసనము లభించి యుండదు.

అయితే చోఖామేళుని సంగతి వేరు. మహారు కులజుడైన ఆయనను భక్తులు కౌగిలించుకొనిరి. ఆయన భార్య సోయరాబాయియు అభంగములు రచించినది. కాని గుడి గడప దాటుటకు ఆయనకు అనుమతి లేదు. గోష్ఠి ఆయన పాటను లోనికి తీసికొనిపోయినదే కాని, ఆయనను తీసికొనిపోలేకపోయినది. 1338వ సంవత్సరమున మంగళవేఢలో గోడ కట్టుచుండగా, అది కూలి ఆయన తక్కిన కూలీలతోపాటు మరణించెను. నామదేవుడు అచటికి పోయి ఎముకల గుట్టలో వెదకెను. ఏ యెముకలనుండి విఠలనామము వినవచ్చెనో, అవి చోఖావని గుర్తించి, పండరికి గొనివచ్చి మహాద్వారము నెదుట సమాధి కట్టించెనని చెప్పుదురు.

నామదేవుడు ఉత్తరదేశమునకు పోయి పంజాబులోని ఘుమాన్ గ్రామమున చాలకాలము వసించెనని అచటివారు నమ్ముదురు. 1604లో గురు అర్జునదేవుడు కూర్చిన ఆదిగ్రంథమున ఆయన కీర్తనలు 61 చేరినవి. తెనాలి రామకృష్ణుడు పాండురంగమాహాత్మ్యమున కీర్తించిన విఠలుని నామము ఇట్లు సింధుగంగా మైదానమునకును వ్యాపించినది.

1350వ సంవత్సరమున ఆయన పండరిలోనే దేహము చాలించెనని సంప్రదాయము. భక్తుల పాదధూళి తనపై పడవలెనని కోరి, మహాద్వారపు మెట్టుక్రింద సమాధిని వరించెను. ఎదురుగా చోఖామేళుని సమాధి యున్నది. 1947 మే మాసమున సానే గురూజీ నిరాహారదీక్ష వహించిన పిమ్మట హరిజనులకు ఆలయద్వారము తెరవబడినది. ఆషాఢ ఏకాదశికి వచ్చు వార్కరీలు మొదట చోఖామేళునికి మ్రొక్కి, తరువాత నామదేవుని మెట్టును చేతితో తాకి కన్నుల కద్దుకొని, దానిపై కాలు మోపక దాటి లోనికి పోవుదురు.