అప్పు తీర్చిన కలం – సర్ వాల్టర్ స్కాట్

చిలకమర్తి లక్ష్మీనరసింహం పంతులుగారిని మనవారు ఆంధ్ర స్కాట్ అని గౌరవించుకొన్నారు. ఆ స్కాట్ ఎవరో, ఆయన నవలలను ఆనాటి విమర్శకులు ఏమన్నారో ఈ ఉగాది సంచికలో ముచ్చటించుకోవడం ఉచితమని మేము తలచాము.

వాల్టర్ స్కాట్ 1771 ఆగస్టు 15వ తేదీన ఎడింబరో నగరంలో జన్మించాడు. ఏడాదిన్నర ప్రాయంలో జ్వరం తగిలి కుడికాలు అవిటిదయింది. గాలిమార్పునకై తాతగారి పల్లెకు పంపగా, అక్కడ పెద్దల నోట విన్న సరిహద్దు పోరాటాల గాథలు ఆ పసివాని మనసులో నాటుకొన్నాయి. తండ్రివలె న్యాయవాది అయినా, ముందు కవిగానే పేరు పొందాడు.

1814లో ఆయన తొలి నవల ‘వేవర్లీ’ కర్త పేరు లేకుండా వెలువడింది. ఆ రోజుల్లో నవల అంటే పండితులకు చిన్నచూపు. అయినా పాఠకులు ఎగబడి కొన్నారు. ‘ఎడింబరో రివ్యూ’లో ఫ్రాన్సిస్ జెఫ్రీ మెచ్చుకొన్నాడు. ‘క్వార్టర్లీ రివ్యూ’లో క్రోకర్ గుణాలను అంగీకరిస్తూనే, కల్పన కలపక చరిత్రగానే వ్రాసి ఉంటే మేలని అభిప్రాయపడ్డాడు. 1816లో ‘ఓల్డ్ మోర్టాలిటీ’ రాగానే దుమారం లేచింది. మతంకోసం ప్రాణాలొడ్డిన తమ పూర్వులను అపహాస్యం చేశాడని థామస్ మెక్రీ అనే మతాచార్యుడు ఖండించాడు. స్కాట్ 1817లో పేరు దాచుకొనే ‘క్వార్టర్లీ’లో తన నవలను తానే సమీక్షించుకొని సమాధానం చెప్పుకొన్నాడు!

1826లో ఆయన ప్రచురణకర్తలు, ముద్రాపకులు దివాలా తీశారు. 1,20,000 పౌనుల పైచిలుకు ఋణం ఆయన నెత్తిన పడింది. ఐపీ పెట్టి తప్పుకోక, కలంతోనే తీరుస్తానని పూనుకొన్నాడు. మరుసటి ఏడు నిండు సభలో ఆ నవలలు తనవేనని ఒప్పుకొన్నాడు. మన దేశం ఎన్నడూ చూడకపోయినా, ఆ 1827లోనే ‘సర్జన్స్ డాటర్’ కథను హైదరాలీ ఏలిన మైసూరు వరకు నడిపించాడు. రాత్రింబగళ్లు వ్రాసి, ఆరోగ్యం చెడి, 1832 సెప్టెంబరు 21వ తేదీన కన్నుమూశాడు. మిగిలిన బాకీ ఆయన గ్రంథాల హక్కులవల్లనే తీరింది.

చరిత్రలో కల్పన ఎంతవరకు తగుననే క్రోకర్ ప్రశ్న నేటికీ తెగలేదు. మెక్రీ బాధ కూడ కొట్టివేయదగినది కాదు. కాని గతించిన కాలం రాజుల పట్టిక మాత్రమే కాదనీ, మనవంటి మనుష్యుల బ్రతుకనీ చదువరులకు తోపించినవాడు స్కాట్. అందుకు విత్తనం పడింది తాతగారి ఇంట. పరభాషల నడుమ పెరిగే మన బిడ్డలకు మనం పూర్వుల కథలు చెప్పక ఊరుకొంటే, రేపు వారికి ఎవరు చెబుతారు?